చిన్న ఆఫీసులో అడ్మిన్ హక్కులు ఎవరికి, ఎంత, ఎలా ఇవ్వాలి: సమగ్ర మార్గదర్శి

చిన్న వ్యాపారాల్లో "అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది?" అని అడిగితే వచ్చే జవాబులు ఇంచుమించు ఒకటే. "అకౌంటెంట్ గారికి తెలుసు." "మా తమ్ముడి ఫోన్లో ఉండాలి." "ఆ సిస్టమ్‌లోనే సేవ్ అయి ఉంది సార్, నొక్కితే ఓపెన్ అయిపోద్ది." పని సాగినన్నాళ్ళూ ఇందులో తప్పేమీ కనబడదు. అకౌంటెంట్ మానేసినప్పుడో, జనవరిలో కొట్టిన బిల్లు మార్చిలో వేరే అంకె చూపించినప్పుడో అసలు సంగతి తెలుస్తుంది. ఎవరు మార్చారో చూద్దామని రికార్డు తెరిస్తే ప్రతి వరుసలోనూ ఒకటే పేరు, "అడ్మిన్".

దీనికి విరుగుడుగా కొందరు ఓనర్లు పాస్‌వర్డ్ మార్చేసి మొత్తం తమ దగ్గరే పెట్టుకుంటారు. అప్పుడు ఇంకో తలనొప్పి మొదలవుతుంది. ఓనరు పెళ్ళికెళ్ళినా, ఫోన్ పోయినా ఆఫీసు ఆగిపోతుంది.

నేను అందరికీ చెప్పేది ఒకటే. పూర్తి అడ్మిన్ హక్కు ఇద్దరికి ఉండాలి, అదీ ఇద్దరికీ వేర్వేరు లాగిన్లతో. మిగతావాళ్ళకి వాళ్ళ పనికి కావలసినంత ముక్కే ఇవ్వాలి. పాస్‌వర్డ్ మాత్రం ఎవరూ ఎవరికీ ఇవ్వకూడదు.

ఉదాహరణకి గుంటూరులో మిర్చి వ్యాపారం చేసే ఎనిమిది మంది ఆఫీసు ఒకటి అనుకుందాం. ఓనరు, ఆయన తమ్ముడు, అకౌంటెంట్, బిల్లింగ్ చేసే ఇద్దరు, కోల్డ్ స్టోరేజి దగ్గర ఉండే గుమాస్తా, మార్కెటింగ్ చూసే ఇద్దరు. బయటి నుంచి జీఎస్టీ రిటర్నులు వేసే ఆడిటర్ గారు. మెయిల్‌కి గూగుల్ వర్క్‌స్పేస్, లెక్కలకి జోహో బుక్స్, వాటితోపాటు సరుకు రవాణాకి కావలసిన ఈ-వే బిల్లు పోర్టల్, జీఎస్టీ పోర్టల్. లెక్కలకి ట్యాలీ వాడేవాళ్ళకి నాలుగో భాగంలో చెబుతాను.

1. ముందు కాగితం మీద జాబితా

కంప్యూటర్ ముట్టుకోకముందు ఒక కాగితం తీసుకుని మూడు గళ్ళు గీయండి. మొదటి గడిలో సాఫ్ట్‌వేర్ లేదా పోర్టల్ పేరు. రెండో గడిలో ఏ మెయిల్ ఐడీతో లాగిన్ అవుతున్నారు. మూడో గడిలో ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తోంది.

మూడో గడి దగ్గరే చాలామందికి చెమటలు పడతాయి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ అప్పుడు ఎవరో హడావిడిలో తమ నంబరు ఇచ్చేసి ఉంటారు. వెబ్‌సైట్ చేసిన అబ్బాయి డొమైన్‌ని (వెబ్‌సైట్‌కీ, మెయిల్ ఐడీలకీ వాడే మీ పేరుని) తన సొంత జీమెయిల్‌తో కొని ఉంటాడు. గూగుల్ మ్యాప్స్‌లో షాపు పేజీ పాత సేల్స్‌మన్ ఖాతాలో ఉంటుంది. వీళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాకపోవచ్చు. కానీ మీ వ్యాపారం తాళాలు ఇంకొకరి జేబులో ఉన్నాయి.

డొమైన్‌ని జాబితాలో తప్పకుండా రాయండి. మెయిల్ అడ్మిన్ పాస్‌వర్డ్ పూర్తిగా పోయినా, డొమైన్ డీఎన్ఎస్‌లో (ఆ పేరు ఎక్కడికి దారి చూపాలో చెప్పే సెట్టింగుల్లో) గూగుల్ చెప్పిన రికార్డు ఒకటి చేర్చి "ఇది మా డొమైనే" అని నిరూపించుకునే దారి ఉంది. డొమైన్ ఖాతా మీ చేతిలో లేకపోతే ఆ దారి కూడా మూసుకుపోతుంది. ఇంకో జాగ్రత్త. డొమైన్ కొన్న ఖాతాకి అదే డొమైన్‌లోని మెయిల్ ఐడీ పెట్టకండి. మెయిల్ ఆగిపోయిన రోజున డొమైన్ ఖాతాలోకి కూడా వెళ్ళలేక రెండిటి మధ్యా తిరుగుతూ ఉంటారు.

2. మెయిల్‌తోనే ఎందుకు మొదలుపెట్టాలి

జోహో బుక్స్ పాస్‌వర్డ్ మర్చిపోతే రీసెట్ లింక్ ఎక్కడికి వస్తుంది? మెయిల్‌కి. డొమైన్ ఖాతాదీ, కొరియర్ కంపెనీ ఖాతాదీ అంతే. మెయిల్ అడ్మిన్ అయినవాడు ఆఫీసులో ఎవరి మెయిల్ పాస్‌వర్డ్ అయినా మార్చగలడు. దాంతో వాళ్ళ మెయిల్లోకి వెళ్ళి మిగతావన్నీ రీసెట్ చేసుకోగలడు. అంటే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎంత జాగ్రత్తగా హక్కులు విడదీసినా, మెయిల్ అడ్మిన్ అందరి చేతుల్లో ఉంటే ఆ పనంతా వృథా.

గూగుల్ వర్క్‌స్పేస్‌లో అన్నిటికన్నా పైన ఉండేది సూపర్ అడ్మిన్. మిగతావాళ్ళకి అడ్మిన్ హక్కులు ఇవ్వడం, ఇంకో అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం సూపర్ అడ్మిన్ పనులే. మన ఆఫీసులో ఇది ఓనరుకీ, తమ్ముడికీ ఇద్దాం. ఒక్కరే ఉంటే ఆయన ఫోన్ పోయిన రోజున గేటు పడినట్టే. ముగ్గురు నలుగురికి ఇచ్చేంత అవసరం ఎనిమిది మంది ఆఫీసులో రాదు.

ఇలా చేయండి:

- అడ్మిన్ డాట్ గూగుల్ డాట్ కామ్ (అడ్మిన్ కన్సోల్ అంటే ఇదే) తెరిచి, ఇప్పుడున్న సూపర్ అడ్మిన్ ఖాతాతో లాగిన్ అవ్వండి.
- డైరెక్టరీ, అందులో యూజర్స్. రెండో వ్యక్తి పేరు మీద నొక్కండి.
- అడ్మిన్ రోల్స్ అండ్ ప్రివిలేజెస్ అనే పెట్టె తెరిచి, అసైన్ రోల్స్ నొక్కండి.
- సూపర్ అడ్మిన్ ఎదురుగా ఉన్న స్విచ్ ఆన్ చేసి సేవ్ చేయండి. మామూలుగా కాసేపట్లోనే పనిచేస్తుంది, ఒక్కోసారి 24 గంటల దాకా పట్టొచ్చు.
- ఆ రెండో వ్యక్తి తన సొంత ఫోన్‌తో టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత ఫోన్‌తో రెండో తనిఖీ) పెట్టుకోవాలి. గూగుల్ 10 బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, ఒక్కొక్కటీ ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని ప్రింట్ తీసి బీరువాలో పెట్టండి. వాట్సాప్‌లో ఫొటో పంపుకోవద్దు.

ఇక్కడ ఓనర్లకి నచ్చని మాట ఒకటి చెప్పాలి. సూపర్ అడ్మిన్ ఖాతాతో రోజువారీ మెయిళ్ళు చూడకూడదు. గూగుల్ కూడా ఇదే చెబుతుంది. కొటేషన్ అని వచ్చిన అటాచ్‌మెంట్‌ని తొందరలో నొక్కేది ఎక్కువగా ఓనరే. ఆ ఖాతా దొంగ చేతికి చిక్కితే, అదే సూపర్ అడ్మిన్ అయితే, ఆఫీసు మొత్తం చిక్కినట్టే. అందుకని ఆయన మామూలు మెయిల్ ఒకటి, అడ్మిన్ పనికి మాత్రమే వాడే లాగిన్ ఇంకొకటి ఉండాలి.

"ఇంకో లాగిన్ అంటే ఇంకో లైసెన్స్ డబ్బులు కదా" అంటారు. అక్కర్లేదు. బిల్లింగ్‌లో గెట్ మోర్ సర్వీసెస్‌లోకి వెళ్తే క్లౌడ్ ఐడెంటిటీ ఫ్రీ అని ఉంటుంది. దాన్ని చేర్చుకుంటే జీమెయిల్ పెట్టె లేని ఖాతాలు ఉచితంగా తయారు చేసుకోవచ్చు, వాటికి అడ్మిన్ హక్కు ఇవ్వచ్చు. కాకపోతే కొత్త యూజర్లకి లైసెన్స్ దానంతట అదే అంటుకునే ఆటోమేటిక్ లైసెన్సింగ్ ఆఫ్ చేసుకోవాలి, లేకపోతే ఆ ఖాతాకీ బిల్లు పడుతుంది. ఆ లాగిన్‌కి మెయిల్ రాదు కాబట్టి రికవరీకి మీ ఇంకో మెయిల్ ఐడీ, ఫోన్ నంబరు ఇవ్వడం మర్చిపోకండి.

3. మిగతావాళ్ళకి ముక్కలుగా ఇవ్వడం

ఆఫీసులో తరచుగా వచ్చే అవసరాలు రెండే: "పాస్‌వర్డ్ మర్చిపోయా సార్" ఒకటి, "కొత్త కుర్రాడికి మెయిల్ ఐడీ కావాలి" ఇంకొకటి. వీటి కోసం సూపర్ అడ్మిన్ ఇవ్వనక్కర్లేదు. పాస్‌వర్డ్ రీసెట్‌కి హెల్ప్ డెస్క్ అడ్మిన్ అనే రోల్ (ఒక పనికి కావలసిన హక్కుల కట్ట) ఉంది. కొత్త ఖాతాలు తెరవడానికి యూజర్ మేనేజ్‌మెంట్ అడ్మిన్ ఉంది. ఈ రోల్స్ ఉన్నవాళ్ళు మామూలు యూజర్ల ఖాతాలనే ముట్టుకోగలరు, అడ్మిన్ల పాస్‌వర్డ్ మార్చలేరు. మన ఆఫీసులో హెల్ప్ డెస్క్ రోల్ అకౌంటెంట్‌కి ఇస్తే సరిపోతుంది.

ఇంత చిన్న ఆఫీసులో నిజానికి ఎక్కువ పాస్‌వర్డ్‌లు చేతులు మారేది అడ్మిన్ పనులకి కాదు, ఒకే మెయిల్‌ని నలుగురు చూడటానికి. అకౌంట్స్ అనే మెయిల్ ఐడీ పాస్‌వర్డ్ ఆఫీసు మొత్తానికీ తెలుసు. దీనికి చక్కటి పరిష్కారం మెయిల్ డెలిగేషన్, అంటే పాస్‌వర్డ్ ఇవ్వకుండా ఒక మెయిల్‌ని ఇంకొకరు చూసే వీలు. అడ్మిన్ కన్సోల్‌లో జీమెయిల్ యూజర్ సెట్టింగ్స్‌లో మెయిల్ డెలిగేషన్ ఆన్ చేసి, తర్వాత ఆ మెయిల్ సెట్టింగ్స్‌లో అకౌంట్స్ ట్యాబ్‌లో గ్రాంట్ యాక్సెస్ దగ్గర ఎవరికి కావాలో వాళ్ళ ఐడీ చేర్చండి. వాళ్ళు తమ సొంత లాగిన్ నుంచే ఆ మెయిళ్ళు చదివి, జవాబు ఇవ్వగలరు. ఆ ఖాతా పాస్‌వర్డ్ మార్చలేరు. మనిషి మారితే జాబితాలోంచి పేరు తీసేస్తే చాలు.

4. లెక్కల సాఫ్ట్‌వేర్

జోహో బుక్స్‌లో సెట్టింగ్స్, అందులో యూజర్స్ అండ్ రోల్స్. ఇన్వైట్ యూజర్ నొక్కి పేరు, మెయిల్, రోల్ ఇస్తే వాళ్ళకి ఆహ్వానం వెళ్తుంది. వాళ్ళు తమ పాస్‌వర్డ్ తామే పెట్టుకుంటారు. ఎంతమంది యూజర్లకి అవకాశం, సొంతంగా రోల్ తయారు చేసుకునే వీలు ఉందా అనేవి మీరు కట్టే ప్లాన్‌ని బట్టి ఉంటాయి. ముందే చూసుకోండి. చాలా ఆఫీసుల్లో ఒకే లాగిన్ నలుగురు వాడటానికి అసలు కారణం ఈ యూజర్ల పరిమితే. ఆ తేడా డబ్బులు మిగిలించుకోవద్దని నా సలహా. స్టాకులో ఒక్క లోడు లెక్క తప్పినా పోయేది అంతకన్నా ఎక్కువ.

అడ్మిన్ రోల్ మళ్ళీ ఓనరు, తమ్ముడు, ఇద్దరికే. అకౌంటెంట్ ఇక్కడ కాస్త పట్టుబడతారు. "అడ్మిన్ లేకపోతే నా పని జరగదండీ" అంటారు. ఆయన చేసే పనులు ఒక్కొక్కటే అడిగి రాసుకోండి. ఓచర్లు, బ్యాంక్ రీకన్సిలియేషన్ (మన లెక్కని బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూడటం), రిపోర్టులు, జీఎస్టీ లెక్కలు. ఇవన్నీ అడ్మిన్ కాకుండానే ఇవ్వచ్చు. అడ్మిన్‌కి మాత్రమే మిగిలేవి యూజర్లని చేర్చడం, తీసేయడం, కంపెనీ వివరాలు మార్చడం లాంటివి. ఇవి నెలకోసారి కూడా రావు. అనుమానిస్తున్నారని ఆయన బాధపడకుండా ఒక మాట చెప్పొచ్చు: రేపు ఏదైనా తేడా వస్తే ఆయన పేరు మీదకి రాకుండా కాపాడేది కూడా ఈ ఏర్పాటే.

బిల్లింగ్ వాళ్ళకి రోల్ తయారు చేసేటప్పుడు మాడ్యూల్ మాడ్యూల్‌కీ చూడటం, కొత్తది చేయడం, మార్చడం, తీసేయడం అని విడివిడిగా టిక్ పెట్టే గళ్ళు వస్తాయి. ఇన్‌వాయిస్ దగ్గర మొదటి రెండూ ఇవ్వండి. మార్చడం ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. రద్దీగా ఉండే ఆఫీసులో ఇవ్వక తప్పదు. తీసేయడం మాత్రం ఇవ్వద్దు. తప్పు బిల్లు పడితే క్రెడిట్ నోట్ (ఆ మొత్తాన్ని తగ్గించే పత్రం) వేయాలి గానీ బిల్లు మాయం కాకూడదు. కొనుగోళ్ళు, బ్యాంకింగ్, లాభనష్టాల రిపోర్టు వాళ్ళకి అసలు కనబడనక్కర్లేదు. ఏ రైతు దగ్గర ఏ రేటుకి కొన్నారో బిల్లింగ్ టేబుల్ మీద తెలియాల్సిన పని లేదు.

ఆడిటర్ గారిని అకౌంటెంట్‌గా విడిగా ఆహ్వానించండి. ఆయన ఆఫీసులో మీ ఫైలు చూసే మనిషి మారుతూ ఉంటాడు కాబట్టి ఎవరి మెయిల్‌కి ఆహ్వానం పంపాలో ఆయన్నే అడిగి పంపండి.

రిటర్ను వేసేశాక ఆ నెల లెక్కలకి తాళం పెట్టడం ఇంకా మంచిది. అకౌంటెంట్ మెనూలో ట్రాన్సాక్షన్ లాకింగ్ ఉంటుంది. తేదీ, కారణం రాసి లాక్ చేస్తే, ఆ తేదీకి ముందు ఓచర్లలో ఎవరూ వేలు పెట్టలేరు.

ట్యాలీ ప్రైమ్ వాడేవాళ్ళు ఆల్ట్, కె కలిపి నొక్కితే కంపెనీ మెనూ వస్తుంది. కంపెనీ డేటాకి యూజర్ యాక్సెస్ కంట్రోల్ అనేది ముందు ఎస్ చేయాలి, అది చేయకపోతే ఎవరైనా తెరవచ్చు. తర్వాత అదే మెనూలో యూజర్ రోల్స్, యూజర్స్ అండ్ పాస్‌వర్డ్స్ వస్తాయి. మీ వెర్షన్‌ని బట్టి మాటల్లో చిన్న తేడా ఉండొచ్చు. రోల్ తయారు చేసేటప్పుడు వెనకటి తేదీ ఓచర్లు ఎన్ని రోజుల వరకు వేయనివ్వాలో పెట్టే గడి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదలకండి. ఈ సెక్యూరిటీ కంపెనీకి కంపెనీకి విడివిడిగా పెట్టాలి. రెండు ఫర్మ్‌లు ఉంటే రెండిట్లోనూ చేయాలి. కంపెనీ డేటా మొత్తానికి తాళం వేసే ట్యాలీ వాల్ట్ పాస్‌వర్డ్ మాత్రం వేరే సంగతి. అది పోతే డేటా తిరిగి తెచ్చుకునే మార్గం లేదు. రాసి, కవర్లో పెట్టి, అతికించి, బీరువాలో పెట్టండి.

మీది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే ఇది మంచి అలవాటుతో ఆగిపోయే విషయం కాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి లావాదేవీలో ఎప్పుడు ఏ మార్పు జరిగిందో నమోదయ్యే ఆడిట్ ట్రెయిల్ ఉండాలి, దాన్ని ఆపేయడానికి వీలుండకూడదు. సొంత ప్రొప్రైటర్‌షిప్‌కి, పార్ట్‌నర్‌షిప్‌కి ఈ నిబంధన వర్తించదు. కానీ నలుగురు ఒకే లాగిన్ వాడే చోట ట్రెయిల్ ఉన్నా లేనట్టే, మార్పు కనబడుతుంది గానీ మనిషి కనబడడు.

5. ఈ-వే బిల్లు, జీఎస్టీ

సాయంత్రం ఆరున్నర. కోల్డ్ స్టోరేజి దగ్గర మిర్చి టిక్కీలు (బస్తాలు) లారీకి ఎక్కించేశారు. డ్రైవరు ఇంజిన్ ఆన్ చేసి కూర్చున్నాడు. గుమాస్తా ఫోన్లో: "అన్నా, ఓటీపీ వచ్చిందా?" అవతల ఓనరు ఫోన్ సైలెంట్‌లో ఉంది. ఇంకో పావుగంటకి ఓటీపీ చెప్పేసరికి దాని టైం అయిపోయింది, మళ్ళీ మొదలు.

2025 ఏప్రిల్ 1 నుంచి ఈ-వే బిల్లు, ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్స్‌లో అందరికీ రెండంచెల లాగిన్ (పాస్‌వర్డ్‌తోపాటు ఓటీపీ) తప్పనిసరి చేశారు. కాబట్టి ఒకే లాగిన్ పంచుకునే పద్ధతి ఇక్కడ పనికే అడ్డం. పరిష్కారం పోర్టల్‌లోనే ఉంది, చాలామంది వాడరంతే. మెయిన్ లాగిన్‌తో వెళ్ళి, యూజర్ మేనేజ్‌మెంట్‌లో క్రియేట్ సబ్ యూజర్ నొక్కండి. గుమాస్తా పేరు, అతని సొంత మొబైల్ నంబరు ఇవ్వండి. అతను ఏం చేయొచ్చో అక్కడే టిక్ పెట్టండి: బిల్లు తయారు చేయడం, బండి నంబరు మార్చడం. రద్దు చేయడం లాంటివి కావాలంటే అకౌంటెంట్‌కే ఉంచండి. ఇక ఓటీపీ గుమాస్తా ఫోన్‌కే వస్తుంది. ఎస్ఎంఎస్ రాని చోట సందేశ్ యాప్‌లో గానీ, ఎన్ఐసీ జీఎస్టీ షీల్డ్ యాప్‌లో గానీ ఓటీపీ తీసుకోవచ్చు. గుమాస్తా మానేస్తే ఆ సబ్ యూజర్‌ని ఫ్రీజ్ చేయండి, మెయిన్ పాస్‌వర్డ్ ముట్టుకోనక్కర్లేదు.

జీఎస్టీ పోర్టల్ సంగతి వేరు. అక్కడ ప్రైమరీ ఆథరైజ్డ్ సిగ్నేటరీ (వ్యాపారం తరఫున సంతకం చేసే ముఖ్య వ్యక్తి) ఒక్కరే, ఓటీపీలు వారి ఫోన్‌కి, మెయిల్‌కి వెళ్తాయి. ఆ నంబరు ఓనరుదో, భాగస్వామిదో అయి ఉండాలి. రిటర్నులు వేసేవాళ్ళది కాకూడదు. ఇప్పటికే వేరేవాళ్ళది ఉంటే, లాగిన్ చేయగలిగిన స్థితిలో ఉండగానే రిజిస్ట్రేషన్ నాన్-కోర్ ఫీల్డ్స్ సవరణలో మార్చేసుకోండి. వాళ్ళతో సంబంధాలు చెడిపోయి ఓటీపీ చెప్పకపోతే, మీ పరిధిలోని జీఎస్టీ అధికారికి పత్రాలతో దరఖాస్తు ఇచ్చి నంబరు మార్పించుకోవాలి. ఆ తిరుగుడు మీకు అక్కర్లేదు.

గూగుల్ మ్యాప్స్‌లో షాపు ప్రొఫైల్‌కి ప్రైమరీ ఓనర్ మీరై ఉండి, ఫొటోలు పెట్టేవాళ్ళకి మేనేజర్ ఇవ్వండి. కొత్తగా ఓనర్ అయినవాళ్ళకి 7 రోజుల వరకు ఇతరులని తీసేయడం లాంటి పనులు చేయనివ్వరు, అందుకని మార్పు అత్యవసరం వచ్చేదాకా ఆగకండి.

6. మనిషి మానేసిన రోజు

అకౌంటెంట్ మానేస్తున్నారంటే, అదీ మంచిగా మానేస్తున్నా సరే, చివరి రోజు సాయంత్రం చేయాల్సిన పని ఇదీ. ఆయన ఎదురుగానే చేస్తే మర్యాదగానూ ఉంటుంది, ఏదైనా మిగిలిపోతే ఆయనే గుర్తు చేస్తారు.

మొదట మెయిల్. ఖాతా డిలీట్ చేయకండి. డిలీట్ చేస్తే 20 రోజుల్లోపే వెనక్కి తెచ్చుకోవచ్చు, ఆ తర్వాత పోయినట్టే. సస్పెండ్ చేస్తే డేటా ఉంటుంది గానీ కొత్త మెయిళ్ళు రావు, లైసెన్స్ డబ్బులు మాత్రం పడుతూనే ఉంటాయి. బ్యాంకు వాళ్ళు, పార్టీలు ఇంకా ఆ ఐడీకే రాస్తుంటారు కాబట్టి, కొన్నాళ్ళు పాస్‌వర్డ్ మార్చి, అన్ని ఫోన్లు, కంప్యూటర్ల నుంచి సైన్ అవుట్ చేయించి, రికవరీ ఫోన్ నంబరు తీసేసి, ఖాతాని నడిపించడమే మంచిది. అంతకుముందు అడ్మిన్ రోల్ ఏదైనా ఉంటే తీసేయండి. తర్వాత జోహోలో ఇనాక్టివ్ చేయడం, ఈ-వే బిల్లు సబ్ యూజర్‌ని ఫ్రీజ్ చేయడం. ఆఖరున మొదటి రోజు రాసిన కాగితం తీసి మూడో గడి పైనుంచి కిందకి చదవండి, ఆయన నంబరు ఇంకెక్కడైనా ఉందేమో.

7. తర్వాత చూసుకోవాల్సినవి

వర్క్‌స్పేస్ అడ్మిన్ కన్సోల్‌లో రూల్స్‌లోకి వెళ్తే, ఎవరికైనా అడ్మిన్ హక్కు ఇచ్చిన వెంటనే మెయిల్ పంపే హెచ్చరిక ముందే తయారుగా ఉంటుంది. అది ఓనరుకీ, తమ్ముడికీ ఇద్దరికీ వచ్చేలా ఆన్ చేయండి. ఎవరు ఎప్పుడు ఏ సెట్టింగ్ మార్చారో రిపోర్టింగ్‌లో అడ్మిన్ లాగ్ ఈవెంట్స్‌లో కనబడుతుంది, ఆరు నెలల వరకు వెనక్కి చూడొచ్చు. జోహోలో ఇలాంటిదే రిపోర్ట్స్‌లో యాక్టివిటీ లాగ్స్ అండ్ ఆడిట్ ట్రెయిల్.

మూడు నెలలకోసారి రెండో అడ్మిన్ చేత, అంటే తమ్ముడి చేత, ఆయన లాగిన్‌తోనే అడ్మిన్ కన్సోల్ తెరిపించండి. రెండో అడ్మిన్ ఉన్నాడని ధీమాగా ఉండి, తీరా అవసరం వచ్చేసరికి ఆయన పాస్‌వర్డ్ మర్చిపోయి, ఓటీపీ పాత సిమ్‌కి వెళ్తున్న ఆఫీసులు చాలానే ఉన్నాయి. అదే రోజు యూజర్ల జాబితా కూడా చదివించండి. ఎవరిదో తెలియని పేరు కనబడితే, అది ఎవరిదో తేలేవరకు సస్పెండ్‌లో పెట్టండి. నిజంగా వాడేవాళ్ళు ఉంటే గంటలోపే ఫోన్ చేస్తారు.